బిళ్ళ

కోస్తాలో జ్వరానికి బిళ్ళ వేసుకుంటారు. మా బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో గోలీ వేసుకుంటారు. మందును గోలీకి వదిలేశాక మా వైపు బిళ్ళ అనగానే ముందు లోహమే మనసుకొస్తుంది: రూపాయి బిళ్ళ, రాగి బిళ్ళ, జడబిళ్ళ, కుక్క మెడలో బిళ్ళ. పలకడంలో ళకారం మెత్తబడి 'బిల్ల' అవుతుంది. గని పనికి ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలవాళ్ళ హిందీలో 'బిల్లా' ఉంది. చొక్కా మీద పెట్టుకునే గుర్తు అని దానికి అర్థం. తమిళంలో విల్లై, కన్నడంలో బిల్లె. పలచగా, గుండ్రంగా, గుప్పిట్లో ఇమిడే ముక్క ఏదైనా ఈ మాట కిందికే వస్తుంది. తొక్కుడుబిళ్ళ ఆటలో పిల్లలు విసిరే పెంకుముక్కను కూడా ఇది వదల్లేదు.

పాత యుద్ధాల పతకాలు, ఇనుప టోపీలు, బ్యాడ్జీలు పోగుచేసి వాటి వెనక ఉన్న మనిషెవరో వెతికే పని ఒకటుంది. దాన్ని తెలుగులో 'పతకాల సేకరణ' అని రాస్తుంటారు. ఆ పనికి పతకం కన్నా బిళ్ళే తగిన మాట అని నా నమ్మకం. బొగ్గుబాయిల దగ్గర అయితే మరీను.

పతకం మొదట నగ. సంస్కృత పదకానికి తెలుగు రూపం. హారానికి వేలాడే రాళ్ళ పొదుగు. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న గోల్కొండ చెరలో కూర్చుని సీతమ్మకు తాను చేయించిన చింతాకు పతకాన్ని రాముడికి గుర్తుచేశాడు. ఆ పాల్వంచ ఇప్పుడు కొత్తగూడెం బొగ్గుబాయిల పక్క ఊరు. భక్తుడు దేవతకు పెట్టిన, ఖరీదు కట్టిన సొమ్ము అది. తరవాత ఇంగ్లీషువాళ్ళ మెడల్ వస్తే ఈ నగ పేరే దానికి పెట్టుకున్నాం. నగను ముందు వైపు నుంచి చూస్తాం. అందుకే పతకం అన్నప్పుడల్లా మన చూపు రాజు తల మీద, రిబ్బను రంగుల మీద, మెరుపు మీద ఆగిపోతుంది.

బిళ్ళకు ఉద్యోగం వేరు. బిళ్ళబంట్రోతు అన్న మాట తలచుకోండి. కచేరీలో దొర వెంట నడిచే బంట్రోతుకు భుజం మీదుగా డవాలీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. అది అలంకారం కోసం పెట్టింది కాదు. 'ఈ మనిషి ఎవరి మనిషి' అన్న ప్రశ్నకు జవాబుగా పెట్టింది. సేకర్త అడిగే ప్రశ్న కూడా సరిగ్గా ఇదే.

జవాబు అంచు మీద ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ళకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు. ఒక వైపు ఐదో జార్జి తల, రెండో వైపు గుర్రం మీద నగ్నంగా ఒక యోధుడు. ఈ రెండు ముఖాలూ లక్షల బిళ్ళల మీద ఒకటే. అంచు మాత్రం ఏ రెండింటిదీ ఒకటి కాదు: నంబరు, హోదా, పేరు, దళం అక్కడ అచ్చు గుద్ది ఉంటాయి. సైనికుడికి ఇది వెండితో వచ్చింది. మూటలు మోసి, రోడ్లు వేసి, కందకాలు తవ్విన కూలీ దళాలవాళ్ళకు కంచుతో వచ్చింది. కంచువి లక్షా పదివేల దాకా ఇచ్చారు, అందుకున్నవాళ్ళలో ఎక్కువమంది చైనా, మాల్టా, భారత కూలీలు. ఒకే యుద్ధం, ఒకే అచ్చు, లోహం వేరు. ఆ తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ వెండిది ఇంట్లో కష్టమొచ్చినప్పుడు కంసాలి మూసలోకి పోయేది, కంచుకు ఆ ధర పలకదు. తక్కువ లోహం కాబట్టే కూలీ పేరు నిలిచే వీలు ఎక్కువ.

రెండో యుద్ధం నాటికి బ్రిటన్ తన సొంత సైనికులకు పేర్లు వేయకుండానే పతకాలు పంచింది. భారత సైన్యానికి ఇచ్చినవాటి మీద మాత్రం నంబరూ పేరూ వేశారు. లండన్ సంతలో దొరికే బర్మా స్టార్ ఎవరిదో చెప్పడం కష్టం. మన ఊళ్ళో ట్రంకుపెట్టె అడుగున దొరికే బర్మా స్టార్ తన యజమాని పేరు తానే చెబుతుంది. ఇంత మేలు మనకు జరిగిందని మన దగ్గర చాలామందికి తెలియదు. అంచు తిప్పి చూడరు.

ఆ పేర్లు చదవడమే ఒక భాషాశాస్త్రం. మద్రాసు దళాల గుమాస్తాలు 'స్వామి'ని ఇంగ్లీషులో 'సామీ' అని పలికేలా, 'ఎస్' పక్కన ఉండాల్సిన 'డబ్ల్యూ'ను 'ఏ' తరవాతికి జరిపి రాశారు. తప్పు రాశారని కొట్టిపారేయడం తేలిక. పేరు చెప్పినవాడు తన నోటితో 'సామి' అన్నాడు, విన్నవాడు విన్నట్టే రాశాడు అనుకుంటే, వందేళ్ళ కిందటి ఒక పల్లె ఉచ్చారణ ఆ అంచు మీద మిగిలి ఉంది. ఇంటిపేరు దాదాపు ఎప్పుడూ ఉండదు. ఊరు ఉండదు. ఒకే పేరున్నవాళ్ళు ఒకే దళంలో ఎందరో ఉంటారు గనక నంబరే వాళ్ళను విడదీస్తుంది.

దళం పేరు దగ్గర బొగ్గుబాయి మనిషి ఒక క్షణం ఆగవలసి ఉంటుంది. తెలుగువాళ్ళు, తమిళులు ఎక్కువగా చేరిన పాత దళాల్లో ఒకటి మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్. అంచు మీద 'ఎస్. అండ్ ఎం.' అని పొడి అక్షరాలుగా ఉంటుంది. ఆ 'ఎం' మైనర్లే. శత్రువు గోడ కిందికి సొరంగం తవ్వి మందుపాతర పెట్టేవాణ్ణి సైన్యం ఆ పేరుతో పిలిచింది. డిప్పు అనే ఏటవాలు దారిలోకి దిగి, బొగ్గుకు రంధ్రాలు వేయించి, షాట్ పేల్చే మా మైనర్‌దీ అదే పేరు. ఇప్పుడు ఆ దళం బెంగళూరు కేంద్రంగా మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. పేరులోంచి మైనర్లు వెళ్ళిపోయారు.

సైనికుడి ఒంటి మీద ఇంకో రకం బిళ్ళ ఉంటుంది. 1916లో బ్రిటిష్ సైన్యం ప్రతి మనిషి మెడలో రెండు నార బిళ్ళలు కట్టించింది: ఎనిమిది మూలల ఆకుపచ్చది, గుండ్రటి ఎర్రది. మనిషి చనిపోతే ఎర్రది తెంపుకుపోయి లెక్కలో రాస్తారు, పచ్చది శవంతో ఉండిపోతుంది. అంతకు ముందు ఒక్క బిళ్ళే ఉండేది. దాన్ని తీసుకుపోయాక శవానికి పేరు మిగిలేది కాదు. ఆ యుద్ధం అయ్యాక చనిపోయినవాళ్ళ ఇళ్ళకు పన్నెండు సెంటీమీటర్ల కంచు ఫలకం ఒకటి వెళ్ళింది, పదమూడు లక్షలకు పైగా. దాని మీద పేరే గాని హోదా వేయలేదు. జనం దానికి 'చచ్చినవాడి పెన్నీ' అని పేరు పెట్టారు. ప్రభుత్వం ఫలకం అన్నదాన్ని కన్నవాళ్ళు బిళ్ళ అన్నారన్నమాట.

గని దీపాలు ఇచ్చే లైటు గది ముందు నిలబడినవాళ్ళకు ఈ రెండు బిళ్ళల లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. గనిలోకి దిగే దీపానికి నంబరు ఉండాలి, ఏ నంబరు ఎవరి చేతికి ఇచ్చారో రాసి ఉంచాలి. దిగేటప్పుడు తీసుకోవడం, ఎక్కాక తిరిగి ఇవ్వడం. ప్రమాదం జరిగితే మొదట తీసే లెక్క ఇదే: ఏ నంబరు వెనక్కి రాలేదు? 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో నంబరు ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది పోయారు. గనికీ నంబరే, దీపానికీ నంబరే, మనిషికీ నంబరే. నంబరు మనిషిని చిన్నబుచ్చుతుందని కవులు అంటారు. గని అడుగున గాని యుద్ధభూమిలో గాని ఆ నంబరు లేకపోతే మనిషి లెక్కలోకే రాడు. నంబరు ఉంటే అతని కోసం వెతుకుతారు.

హాజరుకు మేము వాడే 'మస్టర్' కూడా సైన్యం మాటే. సిపాయిలను ఒకచోట నిలబెట్టి, ఉన్నారని చూపించుకుని, జీతపు పట్టీలో పేరు వేయడం మస్టర్. 'చూపించు' అన్న లాటిన్ ధాతువు దాని మూలం. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో 190 హాజరులను, ఉపరితలంలో 240ని ఏడాది సర్వీసుగా లెక్కించేది. 'ఈ ఏడు మస్టర్లు నిండినయా?' అన్న ప్రశ్న ఇక్కడ పెళ్ళి సంబంధాల్లో కూడా వినిపిస్తుంది. ఇక టోపీ. ఎడ్వర్డ్ బుల్లార్డ్ అనే అమెరికన్ మొదటి యుద్ధం నుంచి ఉక్కు శిరస్త్రాణంతో తిరిగొచ్చి, గని సరంజామా అమ్మే తండ్రి దుకాణంలో దాన్ని చూసి 1919లో గట్టి కాన్వాసు టోపీ చేశాడు. ఈ రోజు షిఫ్టుకు నెత్తిన పెట్టుకునే టోపీ వంశం అక్కణ్ణించి వస్తుంది. సైనిక సామగ్రి పోగుచేసేవాళ్ళు గని టోపీని పక్కన పడేయడం అందుకే నాకు నచ్చదు.

ఇప్పుడు మెడల్ అన్న మాటకు వద్దాం. ఇటాలియన్ మెడాలియా నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. దాని వెనక లాటిన్ మెటల్లుమ్ ఉందని చాలామంది పండితుల మాట; 'సగం' అన్న అర్థమిచ్చే మరో మూలం చెప్పేవాళ్ళూ ఉన్నారు. నేను మొదటి పక్షం. ఆ మెటల్లుమ్ గ్రీకు మెటల్లోన్ నుంచి వచ్చింది. గ్రీకులో మెటల్లోన్ అంటే మొదట లోహం కాదు, గని. తవ్వే చోటు పేరే తవ్వి తీసిన వస్తువుకు పేరైంది. సంస్కృతంలో తవ్వడానికి ధాతువు ఖన్; దాని నుంచే ఖని. రామగుండం పక్కన గోదావరి ఒడ్డున 1960 ప్రాంతంలో బాయిలు తెరిచినప్పుడు ఊరికి ఆ మాటే కలిపి పేరు పెట్టుకున్నారు. మెడల్ తన పుట్టింటి పేరు వెతుక్కుంటూ వస్తే మా ఊరి పేరు చివర దొరుకుతుంది.

అయినా గని పనికి యుద్ధపు మెడల్ రాలేదు. బ్రిటన్‌లో 1943 డిసెంబరు నుంచి సైన్యానికి పిలిచిన కుర్రాళ్ళలో చీటీ వేసి కొందరిని బొగ్గుగనులకు పంపారు. అలా వెళ్ళినవాళ్ళే బెవిన్ బాయిస్, తమంతట తాము గనిని ఎంచుకున్నవాళ్ళతో కలిపి దాదాపు 48,000 మంది. యూనిఫారం లేదు, పతకం లేదు, వీధిలో పిరికివాడని చూపులు. 2008లో గాని వాళ్ళకు బ్యాడ్జీ అందలేదు. ఇక్కడ బ్రిటిష్ ఇండియాలో బొగ్గు కోసం అదే 1943లో, ఆడవాళ్ళు గనిలోకి దిగరాదన్న నిషేధాన్ని ఎత్తేసి 1946లో మళ్ళీ పెట్టారు. ఆ మూడేళ్ళు దిగిన తల్లుల పేర్లు ఏ అంచు మీద ఉన్నాయి?

గోదావరిఖని అందరూ వలస వచ్చి కట్టుకున్న ఊరు. ఇక్కడ దొరికే బిళ్ళ ఇక్కడిది కాదు. మనిషితో పాటు పెట్టెలో వచ్చింది. మాజీ సైనికుడు బాయి దగ్గర కాపలా కొలువుకు వచ్చినప్పుడు తెచ్చుకున్న 1971 నాటి సంగ్రామ్ మెడల్ కావచ్చు, పూర్వీ స్టార్ కావచ్చు. ఇప్పుడు ఈ కాలనీల పిల్లలు సైన్యం ర్యాలీలకు పరుగు ప్రాక్టీసు చేస్తున్నారు. వాళ్ళవీ రేపు వస్తాయి. పంజాబ్ సైనికుల మొదటి యుద్ధపు రిజిస్టర్లు, 3,20,000 పేర్లు, లాహోర్ మ్యూజియం నుంచి 2021లో అందరికీ అందుబాటులోకి రావడం మొదలైంది. మన పని మాత్రం ఇంటింటికీ తిరిగి చేయాల్సిందే.

అందుకని ఇంట్లో అలాంటిది కనిపిస్తే ముందు తోమకండి. దసరాకు ఇత్తడి సామానుతో పాటు చింతపండు పెట్టి రుద్దిన బిళ్ళల అంచు మీద అక్షరాలు సగం మాయమవడం నేను చూశాను. ఏటవాలు వెలుగులో అంచు చుట్టూ ఫొటోలు తీసి ఒక కార్డు మీద అక్షరం అక్షరం, చుక్కతో సహా, ఉన్నది ఉన్నట్టు రాయండి. దాని కింద అంచు చెప్పనివి రాయండి: ఇంటిపేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ ఏట బాయిలో చేరారు, ఏ గని, లైటు నంబరు ఎంత. పెద్దవాళ్ళు తేదీలు తడుముకుంటారు, ఊళ్ళు కలగాపులగం చేస్తారు. లైటు నంబరు మాత్రం, రిటైరై ఎన్నేళ్ళయినా, ఠక్కున చెప్తారు.