రెండు సర్టిఫికెట్లు: హైదరాబాద్‌లో వికలాంగుల ఉపాధి, కులం

వికలాంగుల ఉపాధి గురించి వచ్చిన రాతల్లో కులం ప్రస్తావన చాలా తక్కువ. అక్కడ మనిషంటే ఒక కాలు, ఒక కన్ను, ఒక శాతం. ఆ కాలు ఏ వాడది అన్న ప్రశ్న రాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ కులాల్లో వైకల్యం ఉన్నవాళ్లు 2.45 శాతం; ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లలో 2.18 శాతం. ఈ తేడాను శరీరంతోనే వివరించలేం. తిండి, వైద్యం, చేసే పని, వీటి పంపకంలో కులం ఉంది. అందుకే ఈ చరిత్రను చందానగర్ వైపు నుంచి చూడాలని మేము అనుకుంటున్నాం. ఒక పక్క రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, ఇంకో పక్క హైటెక్ సిటీ ఉన్న చోటు అది.

దేశంలో మొదటి రెండు వృత్తి పునరావాస కేంద్రాలు 1968లో వచ్చాయి: ఒకటి బొంబాయిలో, ఇంకోటి హైదరాబాద్‌లో. వచ్చిన మనిషి ఏం చేయగలడో పరీక్షించి, పని నేర్పి, కొలువుకు పంపడం వాటి బాధ్యత. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఊళ్ళో పుట్టుకను చూసి పని అంటగట్టారు: డప్పు, తోలు, చచ్చిన గొడ్డు. పునరావాసం పేరుతో చాలాచోట్ల శరీరాన్ని చూసి పని అంటగట్టారు: కుర్చీ అల్లిక, కొవ్వొత్తులు, కుట్టుమిషన్. నీకేం కావాలె అని అడిగింది తక్కువ.

అయినా శిక్షణ చివర సర్కారు కొలువనే ఆశ ఉండేది. 1977లో కేంద్రం గ్రూప్ సి, డి ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించింది. 1995 చట్టం దాన్ని హక్కు చేసింది. సరిగ్గా మూడేళ్లకు, 1998 నవంబర్‌లో, సైబర్ టవర్స్ తెరిచారు. హక్కు సర్కారు కొలువుకు ముడిపడి ఉండిపోయింది, కొత్త కొలువులు ప్రైవేటు వైపు పోయాయి. ప్రైవేటు యజమానికి ఆ చట్టం పెట్టింది షరతు కాదు. సిబ్బందిలో 5 శాతం వికలాంగులుండేలా ప్రభుత్వమే తన స్తోమత మేరకు ప్రోత్సాహకాలివ్వాలంది, అంతే. 2016 చట్టం ప్రభుత్వ వాటాను 4 శాతానికి, వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ప్రైవేటు దగ్గర మాత్రం అదే 5 శాతం, అదే ప్రోత్సాహకం.

చందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీ రెండో స్టేషన్. దళిత వికలాంగుల చేతిలో రెండు సర్టిఫికెట్లుంటాయి: ఒకటి కులానిది, ఇంకోటి జనం సదరం అని పిలుచుకున్న వైకల్యానిది. రెండూ సర్కారు ఆఫీసులో చెల్లుతాయి. కంపెనీ గేటు దగ్గర రెంటిలో ఏదీ హక్కుగా చెల్లదు. 1992 ఇంద్ర సాహ్ని తీర్పు కుల రిజర్వేషన్‌ను నిలువుదనీ, వికలాంగులదాన్ని అడ్డమనీ అంది. ఆ నిలువూ అడ్డమూ కలిసేచోట నిలబడ్డ మనిషికి ప్రైవేటులో ఏ గీతా లేదు.

ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని ఉద్యమం ముందే గుర్తించింది. 1994లో ఈదుముడిలో దండోరా మొదలుపెట్టిన మంద కృష్ణ మాదిగ, తర్వాత వికలాంగుల హక్కుల పోరాట సమితినీ నిలబెట్టి పింఛన్ల కోసం కొట్లాడారు. పింఛను బతుకు నిలుపుతుంది. కానీ అది కొలువుకు బదులు కాదు.

2016 చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటుతో సహా ప్రతి సంస్థా తన సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఎంతమంది వికలాంగులున్నారు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలెందరు, ఏ హోదాలో ఉన్నారు అన్న లెక్క కూడా ఆ కాగితంలో ఉండాలని మనం అడగాలి. లెక్క తేలితేనే వాటా అడగగలం.