కథ ఒక దారి, ఆటగాడు ఒక దారి: ఓపెన్ వరల్డ్ వీడియో ఆటల తీరు

వీడియో ఆటలలో ‘ఓపెన్ వరల్డ్’ అని పిలిచే తరగతి ఒకటి ఉంది. ఒక అంచె ముగిస్తే మరొక అంచె తెరుచుకుంటూ ఒకే బాట వెంట సాగే ఆటలు వేరు. ఒక నగరాన్నో, ఒక రాజ్యాన్నో, ఒక్కొక్కప్పుడు ఒక సౌరమండలాన్నో యావత్తుగా ఆటగాని ముందు పరచి, ఎటు పోవాలో, ఏ పని ముందు చేయాలో, ఏది మానుకోవాలో అతని ఇష్టానికే విడిచిపెట్టే ఆటలు వేరు. ఈ రెండవ రకానికే ఆ పేరు. సెలవు రోజున తెర ముందు కూర్చుని గుర్రంపై కొండలు గుట్టలు తిరుగుతున్న పిల్లవానిని “ఏమి ఆడుతున్నావురా” అని ఇంటివారు అడిగితే, “ఏమీ లేదు, ఊరికే తిరుగుతున్నాను” అని జవాబు వస్తుంది. ఆ జవాబులో అబద్ధం లేదు. అయితే అదే ఆటలో మరొకచోట ఒక కథ అతని కోసం నిలిచిపోయి ఉంటుంది. ఎవరి కుమార్తెయో తప్పిపోయి ఉంటుంది, ఏదో రాజ్యం రేపో మాపో కూలిపోనుంటుంది. అతడు తీరిక చేసుకుని వచ్చేదాకా ఆ రాజ్యం కూలదు.

ఈ చిక్కుముడిని విప్పడానికి ఆటల రూపకర్తలు నలభై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు.

కథకు క్రమం ప్రాణం. ఏ ఘట్టం ముందు చెప్పాలి, ఏ రహస్యాన్ని చివరిదాకా దాచాలి, ఎక్కడ శ్రోత ఊపిరి బిగబట్టాలి అన్నది కథకుని అదుపులో ఉండాలి. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే పుల్లలు తెర వెనుకనున్న వారి చేతిలోనే ఉంటాయి. ఇవతల కూర్చున్న ఊరివారు నవ్వవచ్చు, ఈల వేయవచ్చు గాని హనుమంతుని లంకకు పోనీయకుండా ఆపలేరు. ఓపెన్ వరల్డ్ ఆటలో ముఖ్యమైన బొమ్మ పుల్లలను ప్రేక్షకుని చేతికే ఇచ్చేశారు. అతడు ఆ బొమ్మను లంకకు పంపకుండా సముద్రతీరాన చేపలు పట్టించవచ్చు.

తొలి అడుగులు

1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు బీబీసీ మైక్రో కంప్యూటరుపై ‘ఎలైట్’ అనే ఆటను రూపొందించారు. అందులో ఎనిమిది నక్షత్రమండలాలు, ఒక్కొక్క దానిలో 256 లోకాలు. ఇవన్నీ 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే ఉన్న యంత్రంలో ఇమిడాయి. లోకాలను ఒక్కొక్కటిగా దాచిపెట్టకుండా గణిత సూత్రంతో అప్పటికప్పుడు పుట్టించడమే అందులోని కిటుకు. వ్యాపారం చేయవచ్చు, దోపిడీ చేయవచ్చు, ఊరికే తిరగవచ్చు. కథ మాత్రం ఆటలో లేదు. రాబర్ట్ హోల్డ్‌స్టాక్ రాసిన ఒక చిన్న నవల రూపంలో అది ఆటతోపాటు అట్టపెట్టెలో వచ్చింది. స్వేచ్ఛ తెరమీద, కథ పుస్తకంలో! సమస్యకు ఇంతకంటె నిక్కచ్చి పరిష్కారం మళ్లీ ఎవరికీ తట్టలేదేమో.

1986లో జపానులో షిగెరు మియమోతో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ను తెచ్చారు. చిన్ననాడు క్యోతో సమీపంలోని సొనోబె పరిసరాల కొండలలో, గుహలలో తిరిగిన అనుభవమే దానికి ప్రేరణ అని ఆయన పలుమార్లు చెప్పారు.

రెండు గదుల ఇల్లు

2001 అక్టోబరులో వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3’ ఒక పద్ధతిని స్థిరపరచింది. నగరంలో తిరిగినంతసేపు ఆటగాడు స్వతంత్రుడు. పటంపై గుర్తు పెట్టిన చోటికి వెళ్లి ‘మిషన్’ను అంగీకరించిన క్షణం నుండి అతడు కథకు బద్ధుడు. దారి తప్పినా, వెంబడించవలసిన కారును పోగొట్టుకున్నా మిషన్ విఫలమైనట్లే. ఇది నడుమ గోడ కట్టిన రెండు గదుల ఇల్లు వంటిది. ఒక గదిలో స్వేచ్ఛ, మరొక గదిలో కథ.

2002లో వచ్చిన ‘వైస్ సిటీ’ మన పట్టణాల నెట్ సెంటర్లలో చాలాకాలం రాజ్యమేలింది. అక్కడ ఆడినవారిలో ఎక్కువమంది మొదటి గదిలోనే ఉండిపోయారు. చీట్ కోడ్ కొట్టి ట్యాంకు తెప్పించుకుని, పోలీసులను వెంట తిప్పుకుంటూ గంట గడిపినవారికి టామీ వెర్సెట్టి ఎవరో, ఆ నగరానికి ఎందుకు వచ్చాడో పట్టలేదు. ఈ ఆటలు పెద్దలకు ఉద్దేశించినవని, అమెరికాలో 17 ఏళ్లు, బ్రిటనులో 18 ఏళ్లు దాటినవారికే విక్రయించదగినవిగా వర్గీకరించారని కూడా ఆనాడు చాలా ఇళ్లలో తెలియదు.

గోడ ఎంత గట్టిగా కట్టినా కథకూ చేతకూ మధ్య పొసగనితనం బయటపడుతుంది. 2008 నాటి ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4’లో నికో బెలిక్ యుద్ధపు గతం నుండి తప్పించుకుని కొత్త బతుకు వెదుక్కుంటూ వస్తాడు. సంభాషణలలో అతని పశ్చాత్తాపం వినిపిస్తుంది. ఆ దృశ్యం ముగిసిన మరునిమిషమే ఆటగాడు అతనిచేత కారును కాలిబాట మీదికి ఎక్కించవచ్చు. కథ చెప్పేది ఒకటి, ఆట చేయించేది మరొకటి కావడాన్ని అంతకు ముందటి సంవత్సరమే, 2007లో, రూపకర్త క్లింట్ హాకింగ్ ‘లూడోనెరేటివ్ డిసొనెన్స్’ అని పేరు పెట్టి విమర్శించారు. ఆయన ఉదాహరణ ‘బయోషాక్’ అనే మరో ఆట. అది ఓపెన్ వరల్డ్ కాదు, అయినా పేరు ఈ ఆటలకే ఎక్కువగా అతికింది.

అదే సంస్థ 2018లో తెచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ఈ లోపాన్ని కొంత సవరించింది. 1899 నాటి అమెరికాలో ఆర్థర్ మోర్గన్ అనే బందిపోటు కథ అది. దారిన పోయేవారిని ఆదుకున్నాడా, దోచుకున్నాడా అన్నదాన్ని ఆట లెక్కకడుతుంది. క్షయరోగంతో కృశించే అతని అంతిమ ఘట్టం ఆ లెక్కను బట్టి మారుతుంది. అంటే మొదటి గదిలో చేసిన పనికి రెండవ గదిలో జవాబు చెప్పుకోవాలి. మిషన్లలో మాత్రం పాత కట్టడి మరింత బిగిసింది. గీసిన గీత దాటితే వైఫల్యమే. ఈ ఆట నిర్మాణంలో సంస్థ బెంగళూరు శాఖ కూడా పాలుపంచుకుంది. 1997లో అదే నగరంలో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను ఆ సంస్థ 2019లో కొనుగోలు చేసింది.

ఆగిపోయిన గడియారం

స్వేచ్ఛ దెబ్బకు మొదట పడిపోయేది తొందర. 1997 నాటి ‘ఫాలౌట్’లో భూగర్భంలో తలదాచుకున్న జనానికి నీటి యంత్రపు చిప్ చెడిపోతుంది. దానిని 150 రోజులలో తేవాలి. తేలేకపోతే ఆట ముగిసినట్లే. అక్కడ గడువు నిజమైన గడువు. అయితే గడియారం తరుముతుంటే లోకమంతా తిరిగి చూడాలన్న కోరిక చచ్చిపోతుంది. అందుకే ఆ పరంపరలో తరువాతివి అంతటి బిగువును విడిచిపెట్టాయి.

2011 నాటి ‘స్కైరిమ్’లో దానికి పూర్తి విరుద్ధం. లోకాన్ని మింగబోయే మహాసర్పం తిరిగివచ్చిందని ఊరూరా చెప్పుకుంటారు. ఆటగాడు మూలికలు ఏరుకుంటాడు, పెళ్లి చేసుకుంటాడు, 2012 నాటి అనుబంధంతో ఇల్లు కట్టుకుని పిల్లలను దత్తత కూడా తీసుకుంటాడు. మహాసర్పం ఓపికగా వేచి ఉంటుంది.

ఈ ఆటను నిర్మించిన బెథెస్డా సంస్థ 2002లో ‘మారోవిండ్’లో మరో సాహసం చేసింది. అందులో ఎవరినైనా చంపవచ్చు. కథకు ఆధారమైన మనిషిని చంపితే ఒక హెచ్చరిక వస్తుంది. విధి తెగిపోయిందనీ, పాత స్థితికి మరలవచ్చుననీ, లేదా చెడిన లోకంలోనే కొనసాగవచ్చుననీ దాని సారాంశం. 2006 నాటి ‘ఆబ్లివియన్’లో ముఖ్యపాత్రలు చావవు. ఎంత కొట్టినా స్పృహ తప్పి పడి, కాసేపటికి దుమ్ము దులుపుకుని లేస్తాయి. కథ బతికింది, లోకం బొమ్మలకొలువైంది. మొదటిదే నిజాయితీ గల పద్ధతి. నష్టం ఏమిటో చెప్పి, చేయి పట్టుకోకుండా వదిలింది.

చిన్న కథలలో పెద్ద బలం

పోలండుకు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015 మే నెలలో తెచ్చిన ‘ది విచర్ 3’ ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పెంపుడు కూతురి వంటి సిరిని వెదకడం గెరాల్ట్ ముఖ్యకార్యం. అతడు చావడులలో పేకముక్కల వంటి ఆట ఆడుతూ కాలం గడిపితే అడిగేవారు లేరు. అంటే గడియారం ఇక్కడ కూడా ఆగిందే. అయితే దారిలో తగిలే చిల్లర పనులను కూడా రచయితలు చిల్లరగా వదిలేయలేదు. ఊరిబయట ఏదో దయ్యం తిరుగుతోందని గ్రామస్థులు కూలి ఇచ్చి పిలుస్తారు. తీరా వెళితే ఆ దయ్యం వెనుక ఒక ఆస్తి తగాదాయో, ఒక మోసమో, ఒక తల్లి దుఃఖమో ఉంటుంది.

వెలెన్ అనే యుద్ధపీడిత ప్రాంతంలోని బారన్ కథ వీటన్నింటికీ తలమానికం. తాగి భార్యను కొట్టే మనిషి అతడు. భార్య, కూతురు ఇల్లు విడిచిపోయారు. వారిని వెదికిపెడితే సిరి ఆచూకీ చెబుతానంటాడు. ఆ వెదుకులాటలో ఒక గుట్ట కింద, చెట్టు వేళ్లలో బంధించబడిన ఆత్మ ఎదురవుతుంది. దానిని విడిపిస్తే మంత్రగత్తెల చేతిలోని అనాథ పిల్లలు బతుకుతారు. కానీ ఒక ఊరు నాశనమవుతుంది, బారన్ భార్య శాపగ్రస్తురాలై మరణిస్తుంది, బారన్ ఉరి వేసుకుంటాడు. ఆత్మను చంపితే పిల్లలు దక్కరు. మతి చలించిన భార్యను వెంటబెట్టుకుని బారన్ వైద్యం కోసం దూరదేశానికి బయలుదేరుతాడు. ఫలితం వెంటనే తెలియదు, చాలాసేపటికి తెలుస్తుంది. అప్పటికి వెనక్కి మరలి మార్చుకోవాలన్నా ఎంతో ఆటను వదులుకోవాలి. మంత్రగత్తెల మాట వినకముందే ఆ గుట్ట వద్దకు చేరుకునే ఆటగాళ్లకు కూడా ఈ కథలో చోటు కల్పించారు. తనిష్టం వచ్చినట్టు తిరిగిన వానిని శిక్షించకుండా, అతని కథను కొద్దిగా మార్చి చెప్పారు.

గతంలో దాచిన కథ

నింటెండో సంస్థ 2017 మార్చి 3న విడుదల చేసిన ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ సమస్యను మరొక కొస నుండి పట్టుకుంది. హిదెమారో ఫుజిబయాషి దర్శకుడు, ఎయిజి అవోనుమ నిర్మాత. మొదటి పీఠభూమి దిగిన వెంటనే ఆటగాడు నేరుగా శత్రువున్న కోటకు పోవచ్చు. ఓడిపోయే అవకాశమే ఎక్కువ గాని ఆపేవారు లేరు. మిగతా లోకమంతా ఆ పోరుకు సన్నద్ధం కావడానికే. రాకుమారి నూరేళ్లుగా శత్రువును నిలువరించి ఉంచిందని కథ గనుక, మరికొన్నాళ్లు ఆలస్యమైనా నమ్మకం చెడదు.

కథానాయకునికి జ్ఞాపకం పోయింది. చేతనున్న పలకలో పన్నెండు ఛాయాచిత్రాలు ఉంటాయి. ఆ చోట్లు వెదికితే ఒక్కొక్క జ్ఞాపకం తిరిగి వస్తుంది. జరిగిపోయిన కథ గనుక ఏ ముక్క ముందు దొరికినా పరవాలేదు. అయితే దీనికి చెల్లించిన మూల్యం ఉంది. గతం చిక్కగా, వర్తమానం పలుచగా మిగిలింది. 2023 నాటి ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’లో ఇదే పద్ధతి ఎదురుతిరిగింది. రాకుమారి ఏమయిందన్నదే అక్కడి రహస్యం. ఆ దృశ్యం ముందే కంటబడిన ఆటగాడు, ఆమె ఎక్కడుందో తెలియదంటూ తలపట్టుకునే పాత్రల మాటలు గంటల తరబడి వినవలసి వచ్చింది.

2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’ కథను మరింత లోతుగా, ఆయుధాల, ఆభరణాల వివరణ వాక్యాలలో పాతిపెట్టింది. దారిలో కలిసిన పాత్రలు మళ్లీ ఎక్కడ ఉంటాయో తెలియక జనం గగ్గోలు పెట్టగా, అదే ఏడాది మార్చిలో వాటిని పటంపై చూపే సవరణ వచ్చింది. 2019 నాటి ‘ఔటర్ వైల్డ్స్’ ఇంకా చిత్రమైనది. ప్రతి 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోయి ఆట మొదటికి వస్తుంది. ఆటగానికి మిగిలేది తెలుసుకున్న సంగతి మాత్రమే.

మన ఇళ్లలో

పైన చెప్పిన ఆటలలో ‘ది విచర్ 3’, ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’, ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ వేటికీ తెలుగు సంభాషణలు లేవు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీలలోనూ లేవు. ఇంటిలో తెలుగు, బడిలో మరో భాష నడిచే సరిహద్దు పల్లెల పిల్లవానికి బారన్ ఆవేదన నాలుగు నిమిషాల ఇంగ్లీషు ధోరణి మాత్రమే. బటన్ నొక్కి దాటేస్తాడు. అతనికి స్వేచ్ఛ మిగులుతుంది, కథ జారిపోతుంది. చూసే పెద్దలకు కూడా కొట్లాటలే కనబడతాయి గాని వాటి కారణం వినబడదు. పక్కన కూర్చుని ఆ సంభాషణ అర్థం చెప్పే అన్నయ్యో అక్కయ్యో ఉంటే ఆట వేరుగా ఉంటుంది.

భాష అక్కరలేని కథ కూడా ఈ ఆటలలో ఉంది. ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో హటెనో కోటగోడ ముందు చచ్చిన యంత్రరాక్షసులు గుట్టలుగా, నాచు పట్టి పడి ఉంటాయి. గోడ దాటి ముందుకు పోతే చెక్కుచెదరని పల్లె, మేకలు, పొలాలు. ఆ గోడ దగ్గర ఎవరో ప్రాణాలొడ్డి నిలబడ్డారని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆపమని చెప్పేటప్పుడు కూడా ఆట కట్టుబాటు తెలిసి ఉండటం మేలు. ఓపెన్ వరల్డ్‌లో అంచెలు లేవు గనుక సహజమైన విరామం ఉండదు. ‘వైస్ సిటీ’లో స్థావరానికి చేరితే గాని ఆటను భద్రపరచుకోలేరు. అటువంటి ఆటలకు “ఇప్పుడే ఆపు” కంటె “ఈ మిషన్ కాగానే ఆపు” అన్న మాటకు విలువ ఎక్కువ.

కథ కంచికి, మనం ఇంటికి అని మనవారు ముగిస్తారు. ఈ ఆటలలో కథ కంచికి పోయినా ఆటగాడు ఇంటికి పోనంటాడు. 2008 నాటి ‘ఫాలౌట్ 3’ ముఖ్యకథతోపాటే ముగిసిపోతే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2009లో ఒక అనుబంధం తెచ్చి ముగింపును మార్చి, ఆటను కొనసాగనిచ్చారు. ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో శత్రువు కూలిన తరువాత ఆటగాడు చివరి పోరుకు ముందరి క్షణానికే తిరిగివస్తాడు. కోట అలాగే ఉంటుంది, శత్రువూ అలాగే ఉంటాడు. భద్రపరచిన ఆట పక్కన ఒక చిన్న నక్షత్రం మాత్రం కొత్తగా వెలుస్తుంది.