సింటాక్స్ స్కోరు

గుండెకు రక్తం అందించే ధమనుల్లో పూడికలు ఎంత చిక్కుగా ఉన్నాయో అంకెల్లో చెప్పే కొలమానం. స్టెంటు సరిపోతుందా, బైపాస్ ఆపరేషన్ మేలా అని తేల్చేటప్పుడు కార్డియాలజిస్టులు, సర్జన్లు కలిసి చూసే లెక్క ఇది.

యాంజియోగ్రామ్‌లో కనీసం 1.5 మిల్లీమీటర్ల వెడల్పున్న నాళాలనే పరిగణిస్తారు. వాటిలో సగమో అంతకన్నా ఎక్కువో మూసుకున్న ప్రతిచోటా మార్కులు పడతాయి. గుండె కండరంలో ఎంత ఎక్కువ భాగానికి ఆ నాళం ఆధారమైతే అంత బరువు. పూర్తిగా మూసుకుంటే దాన్ని 5తో, లేకుంటే 2తో హెచ్చవేస్తారు. పేరుకున్న కాల్షియం, నాళపు మెలికలు, చీలే చోట పూడికలు అదనం. మొత్తం 22 వరకు తక్కువ, 33 నుంచి ఎక్కువ.

1,800 మంది రోగులతో ఐరోపా, అమెరికాల్లో జరిపిన సింటాక్స్ పరిశోధనే దీని పేరుకు మూలం. 2009లో వెలువడిన ఏడాది ఫలితాల్లో మళ్లీ చికిత్స అవసరమైనవారు స్టెంటు వర్గంలో 13.5 శాతం, బైపాస్ వర్గంలో 5.9 శాతం. పక్షవాతం మాత్రం బైపాస్ వర్గంలోనే ఎక్కువ: 0.6 శాతానికి ఎదురుగా 2.2. రోగి కుటుంబానికి ఈ రెండు జతల అంకెలూ చెప్పి తీరాలి.

తొలి స్కోరు నాళాలనే చూసింది, మనిషిని చూడలేదు. అది పెద్ద లోపం. 2013 నాటి సింటాక్స్ స్కోరు 2లో వయసు, మూత్రపిండాల పనితీరు, గుండె పంపింగ్ సామర్థ్యం, ఊపిరితిత్తుల జబ్బు వంటివి చేరాయి. 2020 రూపం పదేళ్లలో మరణించే అవకాశాన్నీ అంచనా వేస్తుంది.

ఒకే యాంజియోగ్రామ్‌కు ఇద్దరు వైద్యులు వేర్వేరు మార్కులు వేయడం ఇప్పటికీ ఉంది.