అటక మీది చరిత్ర

సాలార్‌జంగ్ మ్యూజియం చూసి వచ్చినవాళ్లు ఎవరైనా ఒకే మాట అంటారు. ఒక్క మనిషి ఇంత పోగుచేశాడా అని. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయేనాటికి ఆ వస్తువులన్నీ ఒకచోట లేవు. రకరకాల దేవిడీల్లో, గదుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆయన పెళ్లి చేసుకోలేదు. అప్పటి హైదరాబాద్ ముఖ్య పౌరపాలకుడు వెల్లోడి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ని పిలిపించి వాటినొక క్రమంలో పెట్టించాడు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అంది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. తాతగారి కాలం నుంచి వచ్చినవీ, తను కొన్నవీ కలిపి దాదాపు 43,000 కళావస్తువులు. వాటిలో మేలిముసుగు రెబెక్కాలాంటి శిల్పాలూ ఉన్నాయి, చేతికర్రలూ గడియారాలూ పిల్లల ఆటబొమ్మలూ కూడా ఉన్నాయి.

ఆయన అభిరుచిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నన్ను ఆపింది ఆ “చెల్లాచెదురుగా పడి ఉన్న” అన్న మాట. పోగుపడిన వస్తువుల్ని సేకరణ అని పిలవాలంటే మూడు కావాలి అనిపిస్తుంది. పెట్టుకోవడానికి ఒక గది. దుమ్ము దులపడానికి వేరే చేతులు. ఇది ఫలానా అని చెప్పే ఒక చీటీ. నవాబుగారికి మొదటి రెండూ పుట్టుకతో ఉన్నాయి, మూడోది చనిపోయాక ప్రభుత్వం సమకూర్చింది. ఈ మూడూ లేనివాళ్లు పోగుచేసుకున్న దాన్ని ఏమంటారు? సామాను అంటారు. ఇంకొంచెం కోపం వస్తే చెత్త అంటారు. మన ఇళ్లలో ఆ మాట ఎక్కువగా పడేది ఆడవాళ్లు దాచుకున్న వాటి మీదే.

ఆడవాళ్లకి సేకరించడం కొత్త కాదు. బొమ్మల కొలువునే చూడండి. కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి, కొన్ని ఇళ్లలో దసరాకి మెట్లు కట్టి బొమ్మలు పేరుస్తారు. ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలని ఆనవాయితీ. కొండపల్లి కొయ్యబొమ్మ పక్కన మట్టి శెట్టిగారు, ఆయన పక్కన పింగాణీ పిల్లి. అత్తగారి బొమ్మలూ, పుట్టింటి నుంచి వచ్చినవీ, కూతురు తిరనాళ్లలో కొన్నదీ ఒకే మెట్టు మీద కూర్చుంటాయి. పేరంటానికొచ్చిన వాళ్లకి ఏది ఎక్కడిదో, ఎవరిచ్చారో ఇంటావిడ నోటితోనే చెబుతుంది. ఆ నాలుగు రోజులూ అది మ్యూజియమే. తర్వాత పాత పంచెల ముక్కల్లో చుట్టి, పెట్టెలో సర్ది, అటక మీదకి ఎక్కించేస్తారు. తెలంగాణలో బతుకమ్మది ఇంకో దారి. తంగేడు, గునుగు, బంతి అన్నీ ఏరి, పేర్చి, ఆడి, చెరువులో వదిలేస్తారు. దాచడానికి ఒక పద్ధతి, వదలడానికి ఒక పద్ధతి. రెండూ ఆడవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. కానీ ఏ సేకరణల చరిత్రలోనూ వీటికి చోటు కనిపించదు.

మా అమ్మ అటక మీద బొమ్మలు లేవు. రెండు ట్రంకుపెట్టెల నిండా లేసు ఉండేది.

అమ్మది నర్సాపురం పక్క ఊరు. ఆ ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. తర్వాత వ్యాపారుల చేతుల్లోకి పోయి, సముద్రాలు దాటి ఎగుమతయ్యే సరుకైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో అక్కడ తిరిగి, ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి, 1982లో నర్సాపురం లేసు కార్మికుల మీద పుస్తకం వేసింది. లక్షకి పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని ఆమె అంచనా. ఇంటిపనంతా చేసుకుంటూ దాని మీద రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్లు. వచ్చే కూలి కనీస వేతనానికి ఎంతో దిగువన ఉండేది. అయినా వాళ్లు కార్మికుల లెక్కల్లోకి రాలేదు. ఎందుకు రాలేదు? వాళ్లు గృహిణులు కాబట్టి. అల్లేది తీరిక వేళల్లో కాబట్టి. దీన్నే ఆమె గృహిణీకరణ అంది. ఆడమనిషిని ముందు గృహిణి అని నిర్ణయించేస్తే ఆమె చేసే ఏ పనయినా కాలక్షేపమే అవుతుంది, కాలక్షేపానికి కూలి ఎంత తక్కువిచ్చినా ఎవరూ అడగరు.

మా అమ్మ పెళ్లికి ముందు ఆ లక్షమందిలో ఒకతె. ఏజెంటు నూలు ఉండలు తూకం వేసి ఇచ్చేవాడు, అల్లిన పువ్వులు లెక్కపెట్టి పట్టుకెళ్లేవాడు. ఒకరు పువ్వులల్లితే ఇంకొకరు అతుకుపని చేసేవారు. పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో తను చాలాకాలం చూడనేలేదని చెప్పేది. 1971లో నాన్న ఉద్యోగంతో తిరుమలగిరి వచ్చింది. ఇది దండు ప్రాంతం. 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ కోటలాంటి రక్షణ స్థావరం కట్టుకున్నారు. ఈనాటికీ సైన్యం ఊరే. బదిలీల మీద వచ్చి వెళ్లే కుటుంబాలు, ప్రతి ఇంట్లో నల్లరంగు పెట్టెలు, వాటి మీద తెల్లరంగుతో పేర్లు. ఇక్కడి ఆడవాళ్లు అమ్మ చేతిపని చూసి, “మీ హాబీ చాలా బావుందండీ” అన్నారు.

అదే చెయ్యి, అదే సూది, అదే పువ్వు. అక్కడ కూలిపని, ఇక్కడ హాబీ. రెండుచోట్లా దాన్ని పని అని మాత్రం ఎవరూ అనలేదు!

హాబీ అన్న మాటకి తెలుగులో సరైన మాట దొరకదు. మగవాళ్లకైతే వ్యాసంగం అంటాం. సాహితీ వ్యాసంగం, నాటక వ్యాసంగం. ఆడవాళ్లకి వచ్చేసరికి అది కాలక్షేపం అయిపోతుంది. క్షేపించడానికి వాళ్ల దగ్గర బోలెడంత కాలం ఉన్నట్టు! ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరికంటే వెనక పడుకునే మనిషికి కాలక్షేపం ఎక్కడ నుంచి వస్తుంది? అందుకే అమ్మ పెట్టెల్లో పూర్తయినవాటికంటే సగంలో ఆగినవే ఎక్కువ. ఒక దుప్పటికి చాలినన్ని పువ్వులున్నాయి, అతకలేదు. మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చిన ఏడాది మొదలుపెట్టిన తెర, సూది గుచ్చినచోటే ఆగిపోయింది. ఇప్పుడు ఆ పెట్టెలు నా ఇంట్లో ఉన్నాయి.

వాటికి నా సొంతవీ తోడయ్యాయి. రెండు గదుల ఫ్లాటు మాది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్తే ఉత్త చేతులతో రాలేను. లేసులు, అంచులు, పూసలు, అద్దాలు, జరీ దారం. 1990ల తర్వాత ఈ సరుకు ఎంత పెరిగిందో మీకూ తెలుసు. ఒకప్పుడు పాత చీర అంచు కత్తిరించి దాచుకునేవాళ్లం, ఇప్పుడు దాచుకోవడానికే కొత్తది కొంటున్నాం. కిందటేడు అన్నీ కిందకి దించి లెక్కపెట్టాను. ఎంబ్రాయిడరీ దారం చుట్టలు 212. ఊలు ఉండలు 47. రవికెల గుడ్డలు, మిగుళ్లు కలిపి నాలుగు గోతాలు. మొదలుపెట్టి ఆపినవి 19. నా రాతబల్ల మీద ఉన్న కుట్టుమిషన్ లెక్కలో వేయలేదు. ఆ బల్ల మీద రాయడానికి మిగిలిన చోటు ఒక నోటుపుస్తకం వెడల్పు.

ఇదంతా ఎందుకు కొన్నాను? చాలాకాలం ఆలోచిస్తే నాకు దొరికిన జవాబు ఇది. నేను కొన్నది దారం కాదు, సమయం. ఉద్యోగం, వంట, పిల్లల పరీక్షలు, అత్తగారి మందులు వీటి మధ్య కుట్టడానికి టైము లేదు. టైము ఏ దుకాణంలోనూ అమ్మరు, దారం అమ్ముతారు. దారం కొని దాచుకుంటే ఒకరోజు తీరిక వస్తుందన్న నమ్మకం కూడా దానితోపాటు ఇంటికొస్తుంది. చాలామంది స్నేహితురాళ్ల అలమారాల్లో కూడా ఇదే చూశాను. ఒకరికి చదవని పుస్తకాలు, ఒకరికి రంగుల ట్యూబులు, ఒకరికి వీణ. వాటిని చూసి ఆశ ఎక్కువంటారు గానీ, తీరిక ఎంత తక్కువో ఎవరూ లెక్కకట్టరు.

ఆడవాళ్లు దాచుకునే ముక్కలకి కళాచరిత్రలో చోటు అడిగినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో ‘హెరెసీస్’ అనే స్త్రీవాద పత్రికలో మిరియం షపీరో, మెలిస్సా మేయర్ 1977-78లో ఒక వ్యాసం రాశారు. ఆడవాళ్లు పాతగుడ్డలు, బొత్తాలు, ఉత్తరాలు, ఫొటోలు దాచి, అతికి చేసినవాటికి ‘ఫెమేజ్’ అని పేరుపెట్టారు. మగ చిత్రకారులు కొలాజ్ కనిపెట్టారని చెప్పుకునే కాలానికి ఎంతో ముందు నుంచే ఆడవాళ్లు అదే పని చేస్తున్నారన్నది వాళ్ల వాదన. రోజికా పార్కర్ 1984లో కుట్టుపని చరిత్ర రాస్తూ, అదే సూది ఆడపిల్లలకి అణకువ నేర్పిందనీ, దాన్ని ఎదిరించే సాధనం కూడా అయిందనీ చెప్పింది. వీటిని చదివినప్పుడు నాకు బొంత గుర్తొచ్చింది. పాతచీరలు నాలుగు మడతలు వేసి, వరసగా కుట్లు వేసి కుట్టిన బొంత. దాని కింద పెరగని తెలుగువాళ్లు తక్కువ. దాన్ని కుట్టినామె పేరు గుర్తున్నవాళ్లు ఇంకా తక్కువ.

అయితే ఇక్కడితో ఆగిపోతే సగం నిజమే చెప్పినట్టు. దులిపే చేతుల సంగతి ఉంది కదా. ఈ దండు ప్రాంతాల్లో కాపురమున్న దొరసానుల కోసం ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ 1880ల చివర్లో గృహనిర్వహణ పుస్తకం రాశారు. సామాన్ల గదికి తాళం వేయాలి, రోజువారీ సరుకు కొలిచి ఇవ్వాలి, అన్నీ తనిఖీ చేయాలి అని అందులో ఉంటుంది. క్రమం దొరసానిది, చాకిరీ నౌకర్లది. వంద ఏళ్లు దాటినా మన మధ్యతరగతి ఇళ్లలో ఈ ఏర్పాటు పెద్దగా మారలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఒకరోజు నా గోతాల వెనక ఊడుస్తూ, “మాకు గింత జాగ ఉంటే మేము గూడ దాసుకుంటుంటిమి గదమ్మా” అంది. దెప్పలేదు, ఉన్నమాటే అంది. ఒక్క గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో దాచుకోవాలన్న కోరికకే చోటు లేదు. నా సామానుకి నేను రాసుకునే స్త్రీవాద సమర్థన ఆమె వీపు మీద నిలబడకూడదు కదా.

తీసిపారేయమని చెప్పే శాస్త్రాలు కూడా ఈమధ్య బాగా వచ్చాయి. జపాన్ రచయిత్రి మారీ కోండో 2011లో రాసిన పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, ఆనందం కలిగిస్తోందా అని అడగమంటుంది. అమ్మ ఆపేసిన తెరని చేతిలోకి తీసుకుంటే నాకు ఆనందం కలగదు. గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. అలాగని పారేయనా? ఇంకోవైపు, ఏదీ వదల్లేక ఇల్లంతా నిండిపోయి మనిషి మసలలేని స్థితిని అమెరికన్ మనోవైద్యులు 2013లో విడిగా ఒక రుగ్మతగా గుర్తించారు. అది నిజమైన బాధ. దానికి సాయం కావాలి, ఎగతాళి కాదు. కానీ రాసుకోవడానికి చోటు లేని ప్రతి ఆడదాన్నీ ఆ పేరుతో పిలవడం కుదరదు. ఆ ఇంట్లో ఎవరికి గది ఉంది, ఎవరికి అలమారాలో ఒక అర మాత్రమే ఉంది అన్నది ముందు అడగాలి. తెలుగుదేశం ప్రభుత్వ హయాంలో వచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమానవాటా హక్కు వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అంతకుముందు తరం ఆడవాళ్లలో చాలామందికి ఇంట్లో తనది అనుకునే చోటు ఆ ట్రంకుపెట్టె ఒక్కటే. తాళంచెవి కొంగుకి కట్టుకునేది అందుకే.

మరి నేనేం చేశాను? మేం నలుగురం స్నేహితురాళ్లం నెలకో ఆదివారం ఒకరింట్లో కూర్చుంటున్నాం. వాడతామన్న నమ్మకం పోయిన దారాలు, గుడ్డలు బయటపెడతాం. కావలసినవాళ్లు తీసుకుంటారు. మిగిలినవి కుట్టు నేర్చుకునే ఆడపిల్లలకి ఇస్తాం. నాలుగు గోతాలు ఒకటయ్యాయి. దాని వెనక ఊడ్చేది ఇప్పుడు నేనే. కుట్టుమిషన్ కిటికీ పక్కకి వెళ్లింది. బల్ల బల్లలా కనిపిస్తోంది. దాని మీదే ఇది రాస్తున్నాను.

అమ్మ లేసు మాత్రం పంచలేదు. ఒక్కొక్కటీ తీసి, చిన్న గుడ్డచీటీ కుట్టాను. ఎవరల్లారు, ఏ ఊళ్లో, ఏ ఏడు, ఎవరికోసం, కూలి ఇచ్చారా లేదా, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది. అమ్మ ఉన్నప్పుడు చెప్పినవి కొన్ని, పిన్ని ఫోన్‌లో చెప్పినవి కొన్ని. 2024లో నర్సాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది, సంతోషం. అల్లిన మనిషి పేరు కూడా ఎక్కడో ఉండాలి కదా. గది, చాకిరీ మన చేతుల్లో లేకపోవచ్చు. చీటీ రాయడం మన చేతుల్లో ఉంది. మ్యూజియంలో చేతికర్రని చేతికర్రగా కాక చరిత్రగా నిలబెట్టేది ఆ చీటీయే.

మీ ఇంట్లో కూడా ఒక అటక ఉండే ఉంటుంది. ఈ పండక్కి సామాన్లు దించినప్పుడు, పారేయడానికైనా సరే, ముందు వాటి పక్కన ఒక కాగితం పెట్టుకుని కూర్చోండి. పెద్దావిడ ఎవరైనా ఇంకా ఉంటే ఆమెని పక్కన కూర్చోబెట్టుకోండి. తమ్ముడికి జ్వరం వచ్చిన ఏడాది అని రాసిన చీటీ ఆ తెరకి కుట్టాక, మా అమ్మాయి మొదటిసారి దాన్ని పూర్తిగా పరిచి చూసింది. ఎక్కడ ఆగిందో అక్కడ వేలు పెట్టి, ఈ కుట్టు ఎలా వేస్తారని అడిగింది.