ఉన్నత పాఠశాలలో కళాశాల చదువు

పదవ తరగతి ముగిసిన పిమ్మట రెండేండ్ల చదువు ఎవరిది? పాఠశాలదా, కళాశాలదా? వినుటకు ఇది కచేరీ దస్త్రములలో తేలవలసిన ప్రశ్నవలె తోచును. కాని చిత్తూరు సీమలో ఒక పల్లెటూరి రైతు తన కుమార్తెను నడచిపోగల బడికి పంపునా, పట్టణమున బస చూచి పంపునా, లేక చదువే మానిపించునా అనునది తరతరములుగా ఈ ప్రశ్నమీదనే ఆధారపడి యున్నది.

1857లో మదరాసు విశ్వవిద్యాలయము ఏర్పడినది. మెట్రిక్యులేషను తరువాత ఎఫ్.ఏ., అటుపై బి.ఏ. బి.ఏ. వరకు చెప్పునది మొదటి తరగతి కళాశాల, ఎఫ్.ఏ.తో ఆగునది రెండవ తరగతి కళాశాల. ఈ రెండవ తరగతి కళాశాలలలో పెక్కు, నిజమునకు, ఉన్నత పాఠశాలమీద లేపిన మేడగదులే. ఒకే ఆవరణ, ఒకే యాజమాన్యము. 1854 నాటి వుడ్ తాఖీదు చూపిన గ్రాంటు పద్ధతిలో సర్కారు ఖర్చులో కొంత మాత్రమే భరించును. తక్కినది ఫీజులవలనను, చందాలవలనను సమకూడవలెను. కలవారున్న ఊర మేడ లేచెను. లేనిచోట బడి బడిగానే యుండెను.

మదనపల్లె కథ వేరు. అచ్చట దివ్యజ్ఞాన సమాజమువారి ఉన్నత పాఠశాల యుండెను. 1915లో అనీబిసెంటు అచ్చటనే కళాశాలను నెలకొల్పెను. హోంరూలు ఉద్యమపు రోజులలో విశ్వవిద్యాలయపు గుర్తింపు పోయెను. గుర్తింపు లేని చదువు ఉద్యోగమునకు పనికిరాదని తెలిసియు తమ బిడ్డలను అచ్చటనే ఉంచిన తల్లిదండ్రుల ధైర్యమును తలచినవారు తక్కువ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథుడు ఆ కళాశాలకు వచ్చి, తన జనగణమన గీతమును ఆంగ్లములోనికి అనువదించెను. ఆ సంగతి మాత్రము అందరికిని తెలియును! పిమ్మట కళాశాల మరల గుర్తింపు పొందినది.

తిరుపతిలో ధనము కొండమీదినుండి దిగినది. 1945లో దేవస్థానమువారు శ్రీ వేంకటేశ్వర కళాశాలను, 1952లో పద్మావతీ మహిళా కళాశాలను స్థాపించిరి. 1954లో విశ్వవిద్యాలయమే వెలసినది. యాత్రికుల కానుక ఇంతకంటె మంచి త్రోవను పోజాలదని నా తలంపు. అయినను కుప్పము కుఱ్ఱవానికి తిరుపతి నూరు మైళ్ళ దూరము. విద్య అచ్చట ఉచితమైనను, అన్నము ఉచితము కాదు.

1919లో సాడ్లర్ సంఘము ఇంటర్మీడియట్‌ను విశ్వవిద్యాలయమునుండి విడదీసి, ప్రత్యేక కళాశాలలకో, ఎన్నిక చేసిన ఉన్నత పాఠశాలలకో అప్పగింపుమనెను. ఆ సలహా మన వైపు వెంటనే ఆచరణకు రాలేదు. 1952-53లో ముదలియారు సంఘము ఇంటర్మీడియట్‌నే తీసివేసి, ఒక యేడు బడికి, ఒక యేడు కళాశాలకు పంచుమనెను. మన రాష్ట్రమున ఆ ఒక్క యేడు పి.యు.సి. అయినది. 1964-66 నాటి కొఠారీ సంఘము పాఠశాల చదువును పండ్రెండేండ్లకు పొడిగింపుమనెను. 1969లో ఇంటర్మీడియట్ తిరిగి వచ్చెను. 1971 చట్టముతో దానికొక బోర్డు ఏర్పడెను. ఉన్నత పాఠశాలలు కొన్ని జూనియరు కళాశాలలైనవి. బల్ల మారకున్నను బోర్డు మారెను.

ఈ మార్పులలో పెద్దది ఖర్చు ఎవరిదనునదే. ఎఫ్.ఏ. నాటి బడి చందాదారునిది. జూనియరు కళాశాల ప్రధానముగా రాష్ట్ర ఖజానాది. ఖజానా భారము వహించినప్పుడే చందాదారుడు లేని ఊరికి కళాశాల వచ్చును. అయినను ప్రయోగశాలకును, అధ్యాపకునికిని ఖర్చు బడిగదితో పోలినది కాదు.

2022లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము కొన్ని ఉన్నత పాఠశాలలలో బాలికలకు ఇంటర్మీడియట్ తరగతులు తెరచి, వానికి హైస్కూల్ ప్లస్ అని పేరిడెను. అచ్చట బోధింప వచ్చినవారు ఎం.ఏ., ఎమ్మెస్సీ పట్టాలున్న బడి ఉపాధ్యాయులే. ఉదయము తొమ్మిదవ తరగతికి పాఠము చెప్పిన చేతితోనే మధ్యాహ్నము భౌతిక శాస్త్రపు ప్రయోగము చూపుట ఎట్లో, ఎఫ్.ఏ. నాటి ప్రధానోపాధ్యాయుని అడిగిన ఆయనకు తెలిసియుండును.