పాత బైక్ స్టార్ట్ కావట్లేదా? బ్యాటరీ మార్చే ముందు ప్లగ్గు విప్పి చూడండి!

కామారెడ్డి: వానాకాలం వచ్చిందంటే తాడ్వాయి, లింగంపేట, ఎల్లారెడ్డి ఊళ్లలో పొద్దున్నే కిక్కు చప్పుళ్లే. పొలానికి పోవాలన్నా, పాలు పోసి రావాలన్నా, కామారెడ్డిలో బస్సు అందుకోవాలన్నా చాలా ఇళ్లల్లో ఇప్పటికీ పాత హీరో హోండాయే దిక్కు. 1985లో సీడీ 100, 1994లో స్ప్లెండర్ మార్కెట్లోకి వచ్చాయి. పదిహేనేళ్లు దాటినవి కూడా నేటికీ రోడ్ల మీద నడుస్తూనే ఉన్నాయి. అలాంటి బండి మొరాయించిందంటే ఆ రోజు పనంతా ఆగినట్టే.

అప్పుడు చాలామంది ముందుగా చేసే పని బ్యాటరీ మార్చడం. పాత కిక్ బండ్ల విషయంలో అది ఎక్కువసార్లు దండగ ఖర్చే.

ఎందుకంటే పాత స్ప్లెండర్, సీడీ 100 లాంటి వాటిల్లో ప్లగ్గుకు వెళ్లే కరెంట్ బ్యాటరీ నుంచి రాదు. ఇంజిన్ పక్కన తిరిగే మ్యాగ్నెట్ దాన్ని పుట్టిస్తుంది. అది సీడీఐ యూనిట్, ఇగ్నిషన్ కాయిల్ మీదుగా ప్లగ్గుకు చేరుతుంది. హారన్ మోగకపోయినా, ఇండికేటర్ వెలగకపోయినా ఆ బండి కిక్కుకు స్టార్ట్ కావాల్సిందే. తర్వాత వచ్చిన కొన్ని సెల్ఫ్ మోడల్స్‌కు, 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 ఇంజెక్షన్ బండ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

ముందు చిన్న విషయాలు

పెట్రోల్ ట్యాప్ ఆఫ్‌లో ఉందేమో చూడాలి. ఆన్‌లో ఉన్నా ట్యాంకులో పెట్రోల్ అడుగంటితే రిజర్వ్‌కు తిప్పాలి. హ్యాండిల్ మీద ఇంజిన్ స్విచ్ ఉంటే అది కూడా చూసుకోవాలి, పిల్లలు ఆడుకుంటూ నొక్కేస్తుంటారు. నవ్వులాటగా అనిపించినా, మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లిన బండ్లలో కొన్నింటి రోగం ఇదే.

ప్లగ్గు చెప్పే సంగతి

ఇవన్నీ సరిగ్గా ఉంటే పది, పదిహేను కిక్కుల తర్వాత ఆపేసి ప్లగ్గు పానాతో ప్లగ్గు విప్పాలి. కొన తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తోందంటే పెట్రోల్ అందుతోంది, కానీ మండట్లేదు. పూర్తిగా పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదని అర్థం. నల్లటి మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు, లేదా చోక్ ఎక్కువసేపు లాగి నడిపి ఉండొచ్చు.

తడిగా ఉంటే గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తాళం ఆఫ్ చేసి, చోక్ మూసి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ప్లగ్గు లేకుండానే ఐదారు కిక్కులు కొడితే లోపల నిండిన పెట్రోల్ బయటికి పోతుంది.

తర్వాత కరెంట్ చూడాలి. ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని మరల భాగం ఇంజిన్ ఇనుముకు ఆనించి, తాళం వేసి కిక్కు కొట్టాలి. నీలం రంగులో టప్ టప్‌మని రవ్వ వస్తే కరెంట్ బాగున్నట్టే. ఎర్రగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా ముందు కొత్త ప్లగ్గు వేసి చూడాలి. చాలా 100 సీసీ బండ్లకు ప్లగ్గు గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. కొత్త ప్లగ్గుకూ రవ్వ రాకపోతే అప్పుడు ప్లగ్ క్యాప్, వైరు, ఆ తర్వాతే కాయిల్, సీడీఐ మీద అనుమానపడాలి. వానాకాలంలో క్యాప్ లోపల తడి చేరి కరెంట్ పక్కకు పోవడం మామూలే. అక్కడ వేల వోల్టులు ఉంటాయి కాబట్టి ప్లగ్గును చేత్తో ఇనుము తాకేలా పట్టుకోవద్దు. ప్లగ్గు తీసిన రంధ్రానికి దగ్గరగా రవ్వ పడనివ్వొద్దు, మంట లేస్తుంది.

ప్లగ్గు పొడిగా ఉంటే

కార్బొరేటర్ అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే పెట్రోల్ ధారగా కారాలి. రాకపోతే ట్యాప్, పైపు లేదా ఫిల్టర్ జామ్ అయినట్టు. కారినదాన్ని గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే, అడుగున విడిగా నీరు తేలితే తెలిసిపోతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు ముందుగానే మార్చాల్సి రావొచ్చని పెట్రోలియం శాఖ కూడా 2025లో చెప్పింది. నెలల తరబడి షెడ్డులో ఉంచే బండికి ట్యాప్ ఆఫ్ చేసి, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టడం మంచిది. చోక్ లాగితేనే నడిచి, వదలగానే ఆగిపోతుంటే పైలట్ జెట్ మూసుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ.

బండి నీళ్లల్లో మునిగిందా? కిక్కు కొట్టొద్దు

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాను వానలు ముంచెత్తాయి. రాజంపేట మండలం ఆర్గొండలో 24 గంటల్లో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. ఇళ్ల ముందు పెట్టిన బండ్లు మునిగిపోయాయి. అలాంటప్పుడు "ఒక్క కిక్కు కొట్టి చూద్దాం" అనుకోవడమే అసలు నష్టం. సిలిండర్‌లోకి చేరిన నీరు నొక్కుకుపోదు, బలంగా కిక్కు కొట్టినా, తోసి స్టార్ట్ చేసినా కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

ముందు ఇంజిన్ ఆయిల్ చూడాలి. పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీరు కలిసినట్టే. ఆయిల్ మార్చి, ప్లగ్గు తీసి, సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్‌లో నీరు పోయాకే కిక్కు. చేతకాకపోతే తోసుకెళ్లి మెకానిక్‌కు అప్పగించాలి.

కరెంట్ వస్తోంది, పెట్రోల్ అందుతోంది, అయినా స్టార్ట్ కాకుండా కిక్కు మరీ తేలికగా జారిపోతుంటే మాత్రం అది ఇంటి దగ్గర తేలే పని కాదు. వాల్వులో, పిస్టన్ రింగులో అరిగి కంప్రెషన్ పోయి ఉంటుంది. మెకానిక్‌కు "బండి స్టార్ట్ అయితలేదు" అని ఊరుకోకుండా ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా, రవ్వ ఏ రంగులో వచ్చిందో చెబితే సంబంధం లేని సామాను మార్చే ఖర్చు తప్పుతుంది.