పాత ఫర్నిచర్: కోడంబాక్కంలో కొనేవారు పరిశీలించవలసినవి

కోడంబాక్కంలో ‘పాతది’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నిజంగా వయసు మీరిన వస్తువు ఒకటి. వయసు మీరినట్లు కనిపించేందుకు చేసిన వస్తువు రెండవది. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోతే వేలాది రూపాయలు వృథా అవుతాయి.

ఈ చిక్కుకు మూలం చలనచిత్ర పరిశ్రమ. వాహిని, ఏవీఎం, భరణి, ప్రసాద్ వంటి స్టూడియోలు కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం పరిసరాలలో వెలిశాయి. జమీందారు బంగళాకు సింహాసనం వంటి కుర్చీ, పల్లెలోని పెద్దయింటికి పట్టెమంచం, కోర్టు దృశ్యానికి బల్ల కావాలంటే అద్దెకిచ్చే వ్యాపారం వాటి చుట్టూ పెరిగింది. తెలుగు చిత్రనిర్మాణం క్రమంగా హైదరాబాదుకు తరలింది. వాహిని ఆవరణలో ఇప్పుడు ఆసుపత్రి, 2013లో ప్రారంభమైన మాల్ ఉన్నాయి. అద్దెకు పనికిరాని సామాను పాతసామాను వర్తకులకు చేరడం సహజమే. అందులో అసలైన పాత వస్తువులూ ఉంటాయి, కెమెరాకు కనిపించే వైపు మాత్రమే నగిషీ చేసి, వెనుక ప్లైవుడ్ కొట్టినవీ ఉంటాయి.

కాబట్టి పరిశీలన వెనుక నుండి మొదలుకావాలి. బీరువాను గోడనుండి జరిపించి వెనుకపలకను చూడండి. సొరుగును పూర్తిగా బయటికి లాగి తలక్రిందులు చేయండి. చేతిరంపంతో కోసిన పలకపై గీతలు తిన్నగా ఉన్నా ఎడం సమంగా ఉండదు. యంత్రపు గుండ్రని రంపమైతే విల్లువంటి వంపు గీతలు పడతాయి. పాత పనివాడు కనిపించని భాగానికి చిత్రిక అంతగా పట్టడు. అక్కడ చేతిని ఆనిస్తే ఎగుడుదిగుడు తెలుస్తుంది. సొరుగు మూలలలో ఒకదానిలో ఒకటి దిగే పళ్లు చేతితో కోసినవైతే అన్నీ ఒకే కొలతలో ఉండవు. కూడిక గుర్తువంటి గాడి ఉన్న స్క్రూలు 1930ల తరువాతివి. అవి కనిపించినంత మాత్రాన వస్తువును తోసిపుచ్చనక్కరలేదు. మధ్యలో మరమ్మతు జరిగి ఉండవచ్చు. అయితే ఆ మరమ్మతును అమ్మకందారు తానుగా చెప్పాడా, మనం చూపిన తరువాత ఒప్పుకున్నాడా అన్నది గమనించదగ్గ సంగతి.

గుండ్రని బల్ల విషయంలో టేపే చక్కని సాక్షి. కలప ఏళ్లు గడిచేకొద్దీ నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా దాదాపు మారదు. అందుచేత నిజమైన పాత బల్ల కొలిస్తే ఒకవైపు కొద్దిగా తక్కువ రావాలి. పూతను కూడా పరీక్షించవచ్చు. పూర్వపు లక్క పాలిష్‌పై మరుగుచోట ఒక చుక్క స్పిరిట్ వేస్తే జిగురుగా అవుతుంది. నేటి పాలియురేతేన్ పూత అంత సులభంగా కరగదు. అమ్మకందారు అనుమతితోనే ఈ పని చేయాలి.

‘బర్మా టేకు’ అనే మాట ప్రతి దుకాణంలోనూ వినిపిస్తుంది. చెట్టినాడు భవంతులకు ఆ కలప విరివిగా వచ్చిన మాట నిజం. 1942లో జపాను బర్మాను ఆక్రమించడంతో ఆ రాకకు గండిపడింది. కానీ కంటితో చూసి బర్మా టేకును మన టేకునుండి వేరుచేయడం సామాన్యునికి సాధ్యం కాదు. ఆ పేరుకు అదనంగా ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదని మా అభిప్రాయం. ఫలానా చిత్రంలో ఫలానా నటుడు కూర్చున్న కుర్చీ అన్నా అంతే. ఆ చిత్రపు ఫొటోలో చేతిపిడి నగిషీ సరిపోలితే తప్ప ఆ కథకు వెల లేదు.

దంతపు పని కనిపిస్తే మరింత జాగ్రత్త అవసరం. 18వ శతాబ్దంలో మన విశాఖపట్టణపు పనివారు ఆంగ్లేయుల నమూనాలకు దంతం పొదిగి, చెక్కిన గీతలలో లక్క నింపి చేసిన సామాను ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అంత ఘనమైన పనే అయినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని 1986, 1991 సవరణల ప్రకారం దేశంలో దంతపు వ్యాపారం నిషిద్ధం. అసలైనదైతే నేరం, నకిలీ అయితే నష్టం.

వందేళ్లు దాటిన కళాత్మక వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి రావచ్చు. పురావస్తువులు అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. ‘నూట యాభై ఏళ్ల నాటిది’ అన్న వర్తకుని లైసెన్సు అడిగి చూడండి. చాలాసార్లు వస్తువు వయసు అక్కడికక్కడే తగ్గిపోతుంది! విదేశాలలోని పిల్లలకు పంపదలచినవారు, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖనుండి ముందే ధ్రువపత్రం పొందాలి. జిట్రేగి కలపకు 2017నుండి అంతర్జాతీయ నిబంధనలు కూడా వర్తిస్తున్నాయి.

ధర నిర్ణయానికి ఒక సులువైన పద్ధతి ఉంది. అదే కొలతలతో కొత్త టేకుతో చేయిస్తే ఎంతవుతుందో మీ ఊరి వడ్రంగిని అడిగి వెళ్లండి. బేరం అక్కడినుండి సాగాలి. కలప పేరు, సుమారు వయసు, జరిగిన మరమ్మతులు బిల్లుపై వ్రాయించుకోండి. నోటిమాట వినియోగదారుల కమిషన్ ముందు నిలవదు. కాళ్ల అడుగున సన్నని రంధ్రాలుండి, తట్టినప్పుడు తాజా తెల్లని పొడి రాలితే పురుగు ఇంకా బ్రతికే ఉందని అర్థం. దానిని ఇంటికి తెస్తే మిగతా సామానుకూ ప్రమాదమే.

సముద్రతీరపు తేమకు అలవాటుపడిన కలప చిత్తూరు వంటి పొడి ప్రాంతానికి రాగానే బిగుసుకుని చీలవచ్చు. తెచ్చిన తరువాత కొన్ని వారాలు ఎండ, ఏసీ గాలి తగలని నీడపట్టున ఉంచి, ఆ తరువాతే పాలిష్ పెట్టించండి.